ఓర్లాండో రాయల్ పసిఫిక్ రిసార్ట్‌లో దిగేవాళ్ళకు: తిరుపతి, చిత్తూరు కుటుంబాల కోసం

తిరుమలలో ఉచిత దర్శనం లైనుకీ 300 రూపాయల టికెట్టు లైనుకీ తేడా తెలిసినవాళ్ళకు ఓర్లాండో లెక్క చెప్పడం సులువు. ఫ్లోరిడాలోని ఓర్లాండోలో, యూనివర్సల్ థీమ్ పార్కులను ఆనుకుని లోస్ రాయల్ పసిఫిక్ రిసార్ట్ ఉంది. 2002లో తెరిచారు, వెయ్యి గదులు. దక్షిణ పసిఫిక్ దీవుల పోలికలో కట్టారు. వెదురు తోపులోంచి దారి, లాబీ మధ్యలో ఆర్కిడ్ పూల తోట, నీళ్ళలో నిలబడ్డ రాతి ఏనుగులు, ఇసుక తీరంతో పెద్ద కొలను. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ కొబ్బరిచెట్టు నీడ కోసం చిత్తూరు నుంచి అంత దూరం ఎవరూ పోరు. ఆ గదికి అంత అద్దె కట్టేది దాంతోపాటు వచ్చే ఎక్స్‌ప్రెస్ పాసు కోసం. ఈ సంగతి మనసులో పెట్టుకుని రోజులు వేసుకుంటే డబ్బు గిట్టుబాటవుతుంది. మామూలు హోటల్లా సాయంత్రం చేరి పొద్దున్నే ఖాళీ చేస్తే సగం డబ్బు కొలనులో పోసినట్టే.

పాసు లెక్క ఇది. రాయల్ పసిఫిక్, పోర్టోఫినో బే, హార్డ్ రాక్, ఈ మూడు హోటళ్ళలో దిగినవాళ్ళకు గదిలో ఉన్న ప్రతి మనిషికీ యూనివర్సల్ ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ పాసు అద్దెలోనే వస్తుంది. యూనివర్సల్ స్టూడియోస్ ఫ్లోరిడా, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ అనే రెండు పార్కుల్లో చాలా రైడ్లకు వేరే లైను. ఒకే రైడు ఎన్నిసార్లైనా ఎక్కవచ్చు. చెకిన్ చేసే రోజు పొద్దుటి నుంచి చెకౌట్ రోజు పార్కు మూసేదాకా చెల్లుతుంది. అంటే ఒక రాత్రి గదికి రెండు పూర్తి పగళ్ళు, రెండు రాత్రులకు మూడు పగళ్ళు.

విడిగా కొంటే ఈ పాసు ధర రద్దీని బట్టి మారుతుంది. మనిషికి రోజుకు సుమారు 100 డాలర్ల నుంచి పండగ రోజుల్లో 300 దాటే దాకా ఉంటుంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. నలుగురు మనుషులు, గది 450 డాలర్లు అనుకోండి. ఓర్లాండోలో గది మీద పన్ను 12.5 శాతం కలిపితే 506. అదే పక్కనున్న చవక హోటల్లో గది 160 అనుకుంటే పన్నుతో 180. దానికి ఎక్స్‌ప్రెస్ విడిగా మనిషికి 150 చొప్పున రెండు రోజులకు 1,200. మొత్తం 1,380. మీ తేదీలకు అంకెలు వేరేగా ఉంటాయి గానీ, కూడిక మాత్రం ఇలాగే వేయాలి. ఇద్దరే ఉంటే తేడా బాగా తగ్గిపోతుంది. పార్కుకు రాకుండా గదిలో కూర్చునే పెద్దవాళ్ళను, రైడ్లు ఎక్కే ఎత్తు లేని చిన్నపిల్లలను ఈ లెక్కలో కలపకండి. ఎక్కేవాళ్ళు ఒక్కరే అయితే కబానా బే, ఎండ్‌లెస్ సమ్మర్ లాంటి చవక హోటళ్ళే మేలు. అవి కూడా యూనివర్సల్‌వే, పొద్దున్నే ముందు ప్రవేశం వాటికీ ఉంది. ఎక్స్‌ప్రెస్ ఒక్కటే ఉండదు.

ఇంకా తెలివైన పద్ధతి రెండూ కలపడం. ఓర్లాండోలో అయిదు రాత్రులు ఉండేట్టయితే నాలుగు రాత్రులు చవక హోటల్లో, ఒక్క రాత్రి రాయల్ పసిఫిక్‌లో. సామాను ఒకసారి మార్చుకోవాల్సిన ఇబ్బంది తప్ప నష్టమేమీ లేదు.

పాసు చెల్లని చోట్లు ముందే తెలుసుకోవాలి. వోల్కనో బే నీటి పార్కులో చెల్లదు. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో కూడా చెల్లదు. ఆ పార్కు కొత్తది, పేరు మోగిపోతోంది కాబట్టి చాలామంది దాని కోసమే రాయల్ పసిఫిక్ తీసుకుని మోసపోయామనుకుంటారు. హోటల్ నుంచి అక్కడికి ఉచిత బస్సు ఉంది, అంతవరకే. పార్కు టికెట్టు కూడా గది అద్దెలో రాదు, విడిగా కొనాలి. కొనేటప్పుడు రెండు పార్కుల మధ్య ఒకే రోజు తిరగనిచ్చే పార్క్ టు పార్క్ టికెట్టే తీసుకోండి. హాగ్వర్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలు ఒక పార్కు నుంచి రెండో పార్కుకు నడుస్తుంది. ఒక్క పార్కు టికెట్టుతో దాన్ని ఎక్కనివ్వరు. మూడేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు.

ఓర్లాండో దగ్గర్లోనే డిస్నీ వాళ్ళ పాలినీషియన్ విలేజ్ రిసార్ట్ కూడా ఉంది కదా అనిపించవచ్చు. 1971లో తెరిచిన హోటల్, అదీ పసిఫిక్ దీవుల తరహాదే, మ్యాజిక్ కింగ్‌డమ్‌కు మోనోరైలు ఉంది. అయితే అక్కడ లైను తప్పించే పాసు గదితో రాదు, విడిగా కొనాల్సిందే. చిన్నపిల్లలుంటే డిస్నీ, పదేళ్ళు దాటినవాళ్ళుంటే యూనివర్సల్.

ఎప్పుడు పోవాలి

మన బళ్ళకు ఏప్రిల్ చివర్లో సెలవులు మొదలవుతాయి. అమెరికాలో బళ్ళు చాలాచోట్ల మే చివరిదాకా నడుస్తాయి. మధ్యలో ఉన్న ఆ మూడు వారాలు, అంటే మే మొదటి నుంచి ఇరవై తేదీ దాకా, మనకు దొరికిన వరం. రద్దీ తక్కువ, అద్దె తక్కువ, వాన ఇంకా ముదరదు. చిక్కల్లా ఒకటే, అక్కడున్న మనవళ్ళకు బడి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం మూడు నాలుగింటికి దాదాపు రోజూ ఉరుముల వాన. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం కాబట్టి ఆ నెలల్లో రద్దు గడువు చూసుకుని, డబ్బు వాపసు వచ్చే అద్దెకే గది తీసుకోండి.

దసరా సెలవుల్లో వెళ్ళేవాళ్ళకు ఒక హెచ్చరిక. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చాలా రాత్రులు యూనివర్సల్ స్టూడియోస్‌లో హాలోవీన్ హారర్ నైట్స్ అనే దయ్యాల వేషాల రాత్రి కార్యక్రమం ఉంటుంది. ఆ రోజుల్లో పగటి టికెట్టువాళ్ళను సాయంత్రం అయిదు ప్రాంతానికే బయటికి పంపేస్తారు. హోటల్ ఎక్స్‌ప్రెస్ ఆ రాత్రి కార్యక్రమానికి చెల్లదు. సంక్రాంతికి పోతే జనం తక్కువే, జనవరి మూడో సోమవారం సెలవు వచ్చే శని, ఆదివారాలు తప్పించండి. అప్పుడు తెల్లవారుజామున 10 డిగ్రీలకు పడిపోతుంది, స్వెట్టరు ఉండాలి.

సామానులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

తిరుపతివాళ్ళు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై విమానాశ్రయానికి మూడు, మూడున్నర గంటల్లో చేరతారు. చిత్తూరువాళ్ళకు చెన్నై, బెంగుళూరు రెండూ అందుబాటే. దుబాయ్ మీదుగా వెళ్తే ఒక్కచోట మారితే చాలు, నేరుగా ఓర్లాండోలోనే దిగొచ్చు. ఆ దారిన వెళ్ళేవాళ్ళు గసగసాలు పొట్లం కూడా పెట్టుకోకూడదు. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశంలో అది మత్తు పదార్థాల కింద నిషేధం. మసాలా పొడిలో కలిపి ఉన్నా సరే, వద్దు.

ఫ్లోరిడాకు పచ్చి కరివేపాకు తీసుకుపోనివ్వరు. కారణం వింటే మనకే సబబనిపిస్తుంది. నిమ్మ, నారింజ చెట్లను ఎండగొట్టే తెగులును మోసుకొచ్చే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి నారింజ తోటలను కుదేలు చేసింది. మామిడిపండ్లు, బియ్యం, మాంసం పచ్చళ్ళు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, పప్పుల పొడి తీసుకెళ్ళొచ్చు. పచ్చడి చేతిసంచిలో పెడితే చెన్నైలోనే తీసి పక్కన పెడతారు, పెద్ద పెట్టెలో పెట్టండి. దిగాక తిండి ఏదైనా ఉందా అని అడిగితే ఉందనే చెప్పండి. చెప్పి చూపిస్తే పోయేది మహా అయితే ఆ వస్తువు. చెప్పకుండా దొరికితే జరిమానా.

ఇంటి నుంచి రైస్ కుక్కరు, కెటిల్ మోసుకుపోవడం దండగ. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. మన 1,500 వాట్ల కెటిల్ అక్కడ 400 వాట్లే ఇస్తుంది. లీటరు నీళ్ళు ఇక్కడ మూడున్నర నిమిషాల్లో మరిగితే అక్కడ కనీసం పదమూడు. పైగా గదిలో వంట హోటళ్ళు ఒప్పుకోవు. ఫోను చార్జర్లు ఏ వోల్టేజీకైనా పనిచేస్తాయి, రెండు చదును పిన్నుల అడాప్టరు మాత్రం కావాలి. ప్లాస్టిక్ మగ్గు ఒకటి తప్పకుండా పెట్టుకోండి, ఎందుకో గది దగ్గర చెబుతాం.

చేరే రోజు

మన సమయానికీ ఓర్లాండోకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటల తేడా. ఇండియా నుంచి దిగిన రోజే రాయల్ పసిఫిక్‌లో చేరితే పాసు మొదటి పగలు నిద్రలో పోతుంది. ముందు రెండు రాత్రులు వేరే చోట పడుకోండి. మూడో రోజుకి కూడా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంటుంది, దాన్నే వాడుకోవచ్చు.

చెకిన్ రోజు పొద్దున ఏడింటికల్లా హోటల్‌కు చేరండి. గది సాయంత్రం నాలుగింటికి గానీ ఇవ్వరు, అయినా ఫరవాలేదు. కౌంటరులో పేరు నమోదు చేసి, సామాను బెల్ డెస్కుకు అప్పజెప్పి, రసీదు తీసుకోండి. పాసు అక్కడే వస్తుంది. ప్రతి మనిషి ఫోటో తీస్తారు కాబట్టి అందరూ ఉండాలి. ఆ పాసుతో నేరుగా పార్కుకు. నాలుగింటికి వచ్చి చెకిన్ చేద్దామనుకునేవాళ్ళు ఒక పగలు మొత్తం ఊరికే వదులుకుంటున్నారు. ఈ హోటల్లో అందరూ చేసే తప్పు ఇదే.

చెకిన్‌కు పాస్‌పోర్టు, క్రెడిట్ కార్డు కావాలి. చేసేవాళ్ళకు 21 ఏళ్ళు నిండి ఉండాలి. తిరుమలలో గదికి కాషన్ డిపాజిట్ పట్టుకున్నట్టే ఇక్కడ కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచుతారు. క్రెడిట్ కార్డయితే అది లిమిట్‌లో తగ్గి కనబడుతుంది, అంతే. డెబిట్ కార్డో ఫారెక్స్ కార్డో ఇస్తే మీ సొంత డబ్బే ఆగిపోతుంది. తిరిగి రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోండి, లేకపోతే కౌంటరు దగ్గర కార్డు తిరస్కరిస్తుంది. అక్కడున్న పిల్లల కార్డు ఉంటే అన్నిటికంటే సుఖం. పిల్లల కారులో వస్తే పార్కింగుకు రోజుకింత అని విడిగా పడుతుంది.

గదిలో

మామూలు గదిలో రెండు క్వీన్ మంచాలు, నలుగురికి సరిపోతాయి. అయిదో మనిషికి మడత మంచం అడిగి వేయించుకోవాలి, దానికి డబ్బు. వెయ్యి గదుల హోటల్ కాబట్టి వరండాలు చాలా పొడవు. మోకాళ్ళ నొప్పులవాళ్ళుంటే లిఫ్టుకు దగ్గరి గది కావాలని చెకిన్‌లోనే అడగండి.

స్నానాల గది దగ్గరే మనవాళ్ళు ఇబ్బంది పడతారు. నేల మీద నీళ్ళు పోయే జాలీ ఉండదు. టబ్బులో నిలబడి, కర్టెన్ అంచు టబ్బు లోపలికి వేసుకుని స్నానం చేయాలి. అంచు బయటికి ఉంటే నీళ్ళు కర్టెన్ వెంట జారి నేలమీద నిలుస్తాయి, తలుపు కింద నుంచి గది తివాచీలోకి పోతాయి. తడిసిన తివాచీ తొందరగా ఆరదు, వాసన పడుతుంది. బకెట్టు, చెంబు ఉండవు. కమోడ్ దగ్గర పిచికారీ ఉండదు, కాగితమే. మగ్గు అందుకే.

ఏసీ మీద అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. 70 అంటే మన 21, వణుకు పుడుతుంది. 75 పెడితే 24. కర్పూరం, అగరుబత్తి వెలిగించకండి. పొగ పసిగట్టే యంత్రం పైకప్పులో ఉంటుంది, మోగితే మనుషులు పరిగెత్తుకొస్తారు, శుభ్రత పేరుతో జరిమానా పడుతుంది. శనివారమైనా పువ్వు పెట్టి దండం పెట్టుకుంటే చాలు. కుళాయి నీళ్ళు తాగొచ్చు. గదిలోని కాఫీ యంత్రంలో పొడి వేయకుండా ఉత్త నీళ్ళు పోసి ఒకసారి వదిలేయండి, ఆ కాఫీ వాసన పోయాక రెండోసారి వచ్చే వేడినీళ్ళు కప్పు ఉప్మాకు, పిల్లల పాలపొడికి పనికొస్తాయి.

పార్కులో

హోటల్ వెనక రేవు నుంచి పార్కుల ముందుండే అంగళ్ళ వీధి సిటీవాక్‌కు ఉచిత పడవ ఉంది. పూలచెట్ల మధ్య కాలిబాట కూడా ఉంది, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌కు పది పదిహేను నిమిషాల నడక. పొద్దున పడవ కోసం నిలబడే కంటే నడిస్తేనే ముందు చేరతారు. మెరుపులుంటే పడవలు ఆపేస్తారు, అప్పుడు నడకో, బస్సో.

హోటల్‌వాళ్ళకు పార్కు అందరికీ తెరిచే వేళకంటే ముందే ప్రవేశం. ఏ పార్కు ముందు తెరుస్తారో ముందురోజు రాత్రే యూనివర్సల్ యాప్‌లో చూసుకోండి. ఆ కాస్త సమయంలో ఎక్స్‌ప్రెస్ లైను లేని రైడ్లు, ఎప్పుడూ గంటల తరబడి లైను ఉండేవి ఎక్కేయాలి. ఎక్స్‌ప్రెస్ ఉన్నవి ఎప్పుడైనా ఎక్కొచ్చు కదా, వాటి మీద ఆ పొద్దుటి సమయం ఖర్చు చేయకండి. ఎక్స్‌ప్రెస్ ఉన్నా లైను సున్నా కాదు. రద్దీ రోజున పది నుంచి పాతిక నిమిషాలు నిలబడాల్సి వస్తుంది. పక్క లైనులో గంటన్నర నిలబడినవాళ్ళ ముఖాలు చూస్తే అది ఏమీ అనిపించదు.

పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలుచుకుని బయల్దేరండి. స్పైడర్ మ్యాన్‌కు 102 సెంటీమీటర్లు, జురాసిక్ పార్క్ నీటి రైడుకు, గ్రింగాట్స్‌కు 107, హాగ్రిడ్ మోటార్‌బైకుకు, ఫర్బిడెన్ జర్నీకి 122, వెలాసికోస్టర్‌కు 130, హల్క్‌కు 137. నూట ఇరవై సెంటీమీటర్ల పిల్లవాణ్ణి రెండు సెంటీమీటర్ల కోసం వెనక్కి పంపిస్తారు, అక్కడ బతిమాలడం పనిచేయదు. ఎక్కలేని పసిబిడ్డ ఉంటే రైడు మొదట్లో చైల్డ్ స్వాప్ అని అడగండి. అమ్మ ఎక్కి దిగేదాకా నాన్న బిడ్డతో ఒక గదిలో కూర్చుంటాడు, తర్వాత మళ్ళీ లైను లేకుండా ఆయన ఎక్కుతాడు.

పెద్ద రోలర్ కోస్టర్లకు సంచులు లోపలికి రానివ్వరు. కొన్నిచోట్ల జేబులో నాణెం ఉన్నా మెటల్ డిటెక్టరు దగ్గర ఆపుతారు. పక్కనే చిన్న లాకర్లు ఆ రైడు సేపటికి ఉచితం. లాకరు అంకెను ఫోటో తీసుకుని, తర్వాత ఫోను కూడా లోపల పెట్టేసి మళ్ళీ తల పట్టుకునేవాళ్ళు రోజూ కనిపిస్తారు. అంకె నోటికి గుర్తుపెట్టుకోండి. చీరకొంగు, చున్నీ గాలికి ఎగిరేవి కాబట్టి పంజాబీ డ్రస్సు, ప్యాంటు మేలు. పాపై బార్జెస్, డడ్లీ డూరైట్ అనే నీటి రైడ్లు రెండింట్లో బట్టలు పిండుకునేంత తడుస్తాయి. వాటిని మధ్యాహ్నం హోటల్‌కు తిరిగొచ్చే ముందు ఎక్కండి. తడిబట్టలతో ఏసీ రైడ్లు ఎక్కితే పిల్లలకు ఆ రాత్రే జలుబు అని మన అమ్మమ్మలు చెప్పేది ఇక్కడా వినాల్సిన మాటే.

మధ్యాహ్నం తప్పకుండా గదికి రండి. రోజుకు పది కిలోమీటర్ల పైన నడక అవుతుంది, అలిపిరి నుంచి కొండకు నడిచినంత, కాకపోతే మెట్లు ఉండవు. పన్నెండున్నరకు వచ్చి, తిని, పడుకుని, ఉరుముల వాన వెలిశాక అయిదింటికి మళ్ళీ పోతే వానకు సగం జనం ఇళ్ళకు పోయి ఉంటారు. ఎక్స్‌ప్రెస్ చేతిలో ఉంది కాబట్టి ఆ సాయంత్రం మూడు గంటల్లో అయిదారు రైడ్లు అవుతాయి. పెద్దవాళ్ళకు పార్కు గేటు దగ్గర చక్రాల కుర్చీ అద్దెకు దొరుకుతుంది.

కొలను, తిండి

కొలను ఒకవైపు ఇసుకలోంచి చదునుగా దిగుతుంది, నడక వచ్చిన పిల్లలు కూడా మెల్లగా దిగొచ్చు. చలికాలంలో నీళ్ళు వేడిగా ఉంచుతారు. ఈతబట్టలే వేసుకోవాలి, నైటీ, లుంగీ, కాటన్ చుడీదారుతో దిగనివ్వరు. మెరుపు దగ్గర్లో కనబడితే అందరినీ బయటికి పంపి కొలను మూస్తారు. జూన్ తర్వాత కొలను పని పొద్దున్నే చూసుకోండి.

శాకాహారులు వెజిటేరియన్ అని మాత్రం చెప్పి ఊరుకోకండి. అక్కడ ఆ మాటలో గుడ్డు ఉంటుంది. గుడ్డు వద్దు, చేప వద్దు, మాంసం పులుసు వద్దు అని విడివిడిగా చెప్పాలి. వీగన్ అంటే గుడ్డు రాదు, దాంతోపాటు పాలు, పెరుగు కూడా రావు. జెల్లీల్లో, మార్ష్‌మాలోల్లో జెలటిన్ జంతువులదే. బర్గరు అంటే చెప్పకపోతే గొడ్డుమాంసమే. హ్యారీ పాటర్ వైపు అమ్మే బటర్‌బీర్‌లో పేరుకే బీరు, మందు చుక్క ఉండదు, పిల్లలకు ఇవ్వొచ్చు. పార్కులో తిండి కౌంటర్లలో ఐసు నీళ్ళు అడిగితే ఉచితంగా ఇస్తారు, సీసా కొనక్కర్లేదు. పెరుగన్నం మీద బెంగ పుడితే ఇంటర్నేషనల్ డ్రైవ్ రోడ్డులో ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి, క్యాబ్‌లో కొద్ది నిమిషాలు.

హోటల్లో కూర్చుని తింటే బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్పు అక్కడి పద్ధతి. బిల్లులో ముందే కలిపి ఉందేమో చూసుకోండి, మనవాళ్ళు రెండుసార్లు కట్టేస్తుంటారు. సామాను మోసినవాళ్ళకు పెట్టెకు ఒకటి రెండు డాలర్లు, గది శుభ్రం చేసేవాళ్ళకు రాత్రికి రెండు నుంచి అయిదు. ఒక డాలరు నోట్లు ఓ ఇరవై దగ్గర ఉంచుకోండి.

ఖాళీ చేసే రోజు

పదకొండింటికి గది ఖాళీ చేయాలి. పొద్దున ఏడింటికే సామాను సర్ది బెల్ డెస్కుకు అప్పజెప్పి, పార్కుకు పనికొచ్చే బట్టలు వేసుకుని, ఒక జత మారు బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి. పాసు రాత్రి దాకా చెల్లుతుంది కాబట్టి విమానం మర్నాడు పొద్దున ఉండేట్టు చూసుకోవాలి. సాయంత్రం విమానం పెట్టుకుంటే రెండో పగలు సగం పోయినట్టే. విమానాశ్రయం పాతిక కిలోమీటర్ల లోపే, క్యాబ్‌లో అరగంట.

ఖాళీ చేసే ముందు కౌంటరులో బిల్లు కాగితం అడిగి వరసవారీ చదవండి. గది నంబరు మీద రాయించుకున్న కొలను ఐస్‌క్రీములు, పార్కింగు, మడత మంచం అన్నీ అందులో ఉంటాయి. మీది కానిది ఉంటే అక్కడే కొట్టేయించాలి, తిరుపతి చేరాక ఫోన్లో సాధించడం కష్టం. కార్డు మీద ఆపిన మొత్తం వెంటనే రాకపోతే కంగారు పడకండి, ఆ బిల్లు కాగితం మాత్రం డబ్బు పడేదాకా పారేయకండి.